విమానం ఎక్కాలంటే ముందు బీరువా తెరవాలి

ఎండాకాలం సెలవులకు ఎక్కడికి పోదామన్న మాట కల్వకుర్తి ఇళ్లలో చాలాకాలం శ్రీశైలం, తిరుపతి, మహా అయితే షిర్డీ దగ్గర ఆగేది. ఇప్పుడు ఆ మాటల్లోకి బ్యాంకాక్, దుబాయ్, సింగపూర్ కూడా వచ్చి చేరాయి. వెల్దండ, ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ మీదుగా కారులో గంటన్నర పోతే శంషాబాద్ విమానాశ్రయం. అక్కడ ఎక్కితే నాలుగు గంటల్లోపే బ్యాంకాక్‌లో దిగొచ్చు. రాత్రి బస్సెక్కి తిరుపతి చేరడానికి ఇంతకన్నా ఎక్కువ సేపే పడుతుంది.

దూరం తగ్గింది. ఖర్చు కూడా, చిట్టీ కట్టుకుని కూడబెడితే అందేంతలో ఉంది. ఇంకా అడ్డం పడుతున్నవి కాయితాలే. అదైనా పెద్ద అడ్డం కాదు: ఒక అక్షరం, ఒక తేదీ, ఒక సంతకం. టికెట్లు కొనేసి, పిల్లలకు చెప్పేసి, ఆఖరి నెలలో పాస్‌పోర్టుల కోసం పరుగులు పెట్టే కుటుంబాలు ఇరుక్కునేది సరిగ్గా అక్కడ. బీరువాలో ఉన్న కాయితాలను ఆరేడు నెలల ముందు ఒక్కసారి బయటికి తీసి చూసుకుంటే ఆ పరుగులో ముప్పాతిక వంతు తప్పుతుంది.

ప్రయాణం ఈ నేలకు కొత్త కాదు. పాలమూరు లేబర్ అన్న పేరుతో ఇక్కడి కూలీలు దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి మోశారు. ముంబై, పుణెల్లో మేడలు కట్టారు. కొందరు గల్ఫ్ దాకా పోయారు. ఆ ప్రయాణాల్లో చాలామందికి తమ కాయితం తమ చేతిలో ఉండేది కాదు. ఏజెంటు దగ్గర ఉండేది, అటు చేరాక యజమాని దగ్గర ఉండేది. అందులో ఏం రాసి ఉందో చదివి చెప్పేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు. ఇవాళ అదే ఊళ్ల నుంచి భార్యాభర్తలు, పిల్లలు, అవ్వాతాతలు కలిసి సంతోషం కోసం సరిహద్దు దాటుతున్నారు. ఈ ప్రయాణంలోనైనా కాయితం ఇంటివాళ్ల చేతిలో ఉండాలి, అందులో ఏముందో ఇంటివాళ్లకు తెలియాలి అన్నది ఈ కథనం పట్టుదల.

పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టడమంటే ఎవరినో దయ అడగడం కాదు. ఒకప్పుడు దాదాపు అలాగే ఉండేది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి నిరాకరించాలి అన్నది ప్రభుత్వం ఇష్టానికే వదిలేసి ఉండేది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. విదేశానికి పోయే హక్కు వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోవడం కుదరదని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. జూన్ 24న ఏటా పాస్‌పోర్టు సేవా దినం జరుపుకునేది అందుకే. కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడే మన పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

పేరు దగ్గరే మొదటి ముడి

కల్వకుర్తిలో ఒక కుటుంబాన్ని అనుకుందాం. భార్య, భర్త, ఎనిమిదేళ్ల అమ్మాయి, రెండేళ్ల బాబు, ఇంటి పెద్ద నాయనమ్మ. బీరువాలో చీరల కింద ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పదో తరగతి మెమోలు, ఆధార్లు, ఓటరు కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కులు, పాన్ కార్డు. వాటన్నింటినీ మంచం మీద పరిచి, ఒక్కొక్కరివి ఒక్కో వరుసలో పెట్టి, పేర్లు గట్టిగా చదవాలి. భర్త పేరు మెమోలో కె. బాలయ్య. ఆధార్‌లో బాలయ్య కె. ఓటరు కార్డులో కొండూరు బాలయ్య. పాన్ కార్డులో ఇంటిపేరు చివర, అదీ కొండూరి అని. నాలుగు కాయితాలు, నాలుగు తీర్లు. ఊళ్లో నలుగురికీ అతను ఒక్కడే. కంప్యూటర్‌కు మాత్రం నలుగురు.

మనది ఇంటిపేరు ముందు వచ్చే పద్ధతి. బళ్లో చేర్చేటప్పుడు సారు దాన్ని ఒక అక్షరం చేసి రిజిస్టర్‌లో ఎక్కిస్తాడు. ఆ ఒక్క అక్షరమే మెమో దాకా వస్తుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉంటాయి. పొడి అక్షరాలు అక్కడ తీసుకోరు, పూర్తిగా విప్పి రాయాల్సిందే. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినా మన దేశంలో పాస్‌పోర్టు వస్తుంది. బాధ తర్వాత మొదలవుతుంది. 2022 నవంబర్ 21 నుంచి యూఏఈ ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులతో విజిట్, టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించడం మానేసింది. పాస్‌పోర్టు లోపలి పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత కొంత సడలించింది. అమెరికా వీసాలోనైతే ఒంటి పేరును ఇంటిపేరు గడిలోకి జరిపి, అసలు పేరు ఉండాల్సిన చోట పేరు తెలియదన్న అర్థంలో మూడు అక్షరాలు అచ్చేస్తారు. ఇంటిపేరు ఉన్న జాతి మనది. ఆ గడి ఖాళీగా ఎందుకు వదలాలి?

ఏ కాయితాన్ని మూలం అనుకోవాలి? చదువుకున్నవాళ్లకు పదో తరగతి మెమోయే మూలం. దాన్ని మార్చడమే అన్నింటికన్నా కష్టం. బడి ద్వారా ఎస్సెస్సీ బోర్డు దాకా పోవాలి. అందుకని మెమోలో ఉన్నదాన్ని కదపకుండా, అందులోని పొడి అక్షరాన్ని విప్పి, మిగతావన్నీ దానికి అనుగుణంగా దిద్దించుకోవడం తెలివైన దారి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. ఆ అవకాశాలను తొందరపడి ఖర్చు చేసుకోకూడదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను ముందే ఒక తెల్లకాయితం మీద రాసుకుని, ఇంట్లో అందరికీ ఇంటిపేరు అదే అక్షరాలతో ఉండాలని తీర్మానించుకున్నాకే ఆధార్ కేంద్రానికి పోవాలి. తండ్రికి ఒక స్పెల్లింగ్, బిడ్డకు ఇంకో స్పెల్లింగ్ ఉంటే రేపు వీసా అధికారి ముందు బంధుత్వం రుజువు చేసుకోవడానికి ఇంకో నాలుగు కాయితాలు తేవాలి.

పెళ్లయిన ఆడపిల్లల విషయంలో ఒక మాట. అత్తింటి పేరు పెట్టుకోవాలా, పుట్టింటి పేరే ఉంచుకోవాలా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. పాస్‌పోర్టు నియమాలు మార్చుకోమని చెప్పవు. పాస్‌పోర్టుకు పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి అన్న నిబంధనను కూడా 2016 డిసెంబర్‌లోనే తీసేశారు. మెమోలో ఉన్న పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు తీసుకుంటే చిక్కులు తక్కువ. పాస్‌పోర్టు ఒక పేరుతో, ఆధార్ ఇంకో పేరుతో ఉండకుండా చూసుకుంటే చాలు. యూరప్ లాంటి చోట్లకు కుటుంబంగా వీసా అడిగేటప్పుడు పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం ఉపయోగపడుతుంది. ఇంకా చేయించుకోకపోతే ఆ పని కూడా ఇప్పుడే పెట్టుకోవచ్చు.

ఎప్పుడు పుట్టావంటే చెప్పగలగాలి

నాయనమ్మ ఎప్పుడు పుట్టింది? ఏ కరువులోనో, ఏ పండుగకు ముందో అని ఇంట్లో చెప్పుకుంటారు. ఆధార్ తీసినప్పుడు వయసు ఉజ్జాయింపుగా చెబితే జనవరి 1 అని పడినవాళ్లు పల్లెల్లో బోలెడుమంది. బడికి పోని పెద్దవాళ్లకు అది నేరం కాదు, పాస్‌పోర్టుకు అడ్డంకీ కాదు. పుట్టిన తేదీకి రుజువుగా జనన ధ్రువపత్రంతో పాటు బడి సర్టిఫికెట్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఎల్ఐసీ పాలసీ బాండు లాంటివాటిలో ఏదైనా చెల్లుతుంది. పట్టుకోవాల్సిందల్లా ఒక్కటే: చూపించే కాయితాలన్నింటిలో అదే తేదీ ఉండాలి. ఓటరు కార్డులో ఒక ఏడు, ఆధార్‌లో ఇంకో ఏడు ఉంటే ముందు వాటిని కలపాలి.

చిన్నపిల్లల విషయంలో నియమం మారింది. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం తప్ప ఇంకేదీ చెల్లదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన పాస్‌పోర్టు నియమాల సవరణ ఈ సంగతి తేల్చిచెప్పింది. మన ఊళ్లలో ఇక్కడే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కాన్పు ఆస్పత్రిలో అవుతుంది, జననం అక్కడి నుంచి నమోదైపోతుంది. బాలసారె తర్వాత జరుగుతుంది. అప్పటికి రిజిస్టర్‌లో పిల్లాడి పేరు గడి ఖాళీ. సర్టిఫికెట్ తీసుకుంటే తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ ఉంటాయి, బిడ్డ పేరు మాత్రం ఉండదు. చాలామంది దాన్ని అలాగే మడిచి లోపల పెడతారు. పాస్‌పోర్టు కేంద్రంలో కౌంటర్ దాకా పోయాక బయటపడుతుంది.

దీనికి దారి ఉంది. జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఏడాదిలోపు అయితే రుసుము లేకుండా, తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. పట్టణంలో పుట్టినవాళ్లకు మున్సిపాలిటీ, పల్లెలో అయితే గ్రామపంచాయతీ. బిడ్డ ఎక్కడ పుట్టిందో అక్కడి రిజిస్టర్‌లోనే పేరు చేరాలన్నది గుర్తుంచుకోవాలి. ఇల్లు కల్వకుర్తిలో ఉన్నా కాన్పు హైదరాబాద్ ఆస్పత్రిలో జరిగితే పని హైదరాబాద్‌లోనే. అసలు నమోదే కాలేదనుకోండి, 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ అధికారాలున్న అధికారి ఉత్తర్వు కావాలి. కల్వకుర్తి రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా, కాబట్టి ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆర్డీఓ ఆఫీసు ఊళ్లోనే ఉంది. కానీ ఆ ఫైలు కదలడానికి సమయం పడుతుంది. ఎండాకాలం ప్రయాణానికి దసరా అప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఇది.

మహబూబ్‌నగర్‌కా, వనపర్తికా, హైదరాబాద్‌కా?

పాస్‌పోర్టుకు పోవాలంటే ఒకప్పుడు సికింద్రాబాదే దిక్కు. 2017లో పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు పెట్టడం మొదలయ్యాక పరిస్థితి మారింది. కల్వకుర్తి వాళ్లకు ఇప్పుడు మహబూబ్‌నగర్, వనపర్తి పోస్టాఫీసు కేంద్రాలు అందుబాటులో ఉన్నాయి. జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయి పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. హైదరాబాద్ కేంద్రాలకూ పోవచ్చు, దేశంలో ఎక్కడైనా దరఖాస్తు పెట్టుకునే వీలు 2018 నుంచే ఉంది. ఎక్కడ ముందు అపాయింట్‌మెంట్ దొరికితే అక్కడికే పోవడం మేలు.

దరఖాస్తు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే. పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ అన్నది అసలు చిరునామా. చివర గవ్ డాట్ ఇన్ లేని ఏ సైట్‌లోనూ డబ్బు కట్టొద్దు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే నకిలీ సైట్ల గురించి విదేశాంగ శాఖే హెచ్చరిస్తూ వస్తోంది. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి రూ.1,500, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు రూ.1,000. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, అరవై దాటిన పెద్దలకు కొత్త పాస్‌పోర్టు మీద పది శాతం తగ్గింపు. తత్కాల్ అయితే ఇంకో రూ.2,000. నెట్ సెంటర్‌లో నింపించుకుంటే వాళ్ల చార్జీ వేరు. నింపే కుర్రాడి పక్కనే కూర్చుని ప్రతి గడీ చదివించుకోవాలి. కొంప మునిగేది ఆ పది నిమిషాల తొందరలోనే.

పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు నడుస్తుంది. పిల్లలది అయిదేళ్లు, లేదా పద్దెనిమిది నిండేదాకా, ఏది ముందైతే అది. అయిదేళ్ల క్రితం ఎక్కడికో పోదామని తీసి మరిచిపోయిన పిల్లల పాస్‌పోర్టు ఈపాటికి గడువు దాటి ఉండొచ్చు, తప్పక చూసుకోండి. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే కొత్తదానికి పెట్టుకోవచ్చు. చాలా దేశాలు దిగే నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. అంటే మే నెల ప్రయాణానికి సెప్టెంబర్‌లో గడువు తీరే పాస్‌పోర్టు పనికిరాదు. పుస్తకం మీద తేదీ ఉన్నా ఎయిర్‌లైన్స్ కౌంటర్‌లోనే ఆపేస్తారు.

పిల్లలను వెంట తీసుకుపోవాల్సిందే. నాలుగేళ్లలోపు పిల్లలకు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించిన ఫొటో పట్టుకుపోవాలి. మిగతావాళ్లకు ఫొటో, వేలిముద్రలు అక్కడే తీస్తారు. తల్లిదండ్రులిద్దరూ సంతకాలు చేసిన అనెగ్జర్ డి అన్న ప్రమాణపత్రం కావాలి. స్టాంపు పేపరు, నోటరీ అక్కర్లేదు, తెల్లకాయితం చాలు. వరుస కూడా ముఖ్యం. ముందు తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, ఆ తర్వాత పిల్లలవి. తల్లిదండ్రులిద్దరికీ చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టులుంటే పిల్లలకు మామూలుగా పోలీసు విచారణ ఉండదు.

మరి భర్త ఏళ్ల తరబడి ముంబైలోనే ఉండిపోయి, ఇంటి మొహం చూడకపోతే? ఇల్లు వదిలిపోయి జాడ లేకపోతే? పాలమూరులో ఇవి ఊహించి అడిగే ప్రశ్నలు కావు. తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి దొరకనప్పుడు రెండోవాళ్లు ఒక్కరే సంతకం చేసి ఇచ్చే అనెగ్జర్ సి ఉంది. ఎందుకు దొరకలేదో అందులో నిజం రాయాలి. 2016 మార్పుల తర్వాత దరఖాస్తులో తల్లి పేరు ఒక్కటే ఇచ్చినా చాలు. ఒంటరిగా పిల్లలను పెంచుకొచ్చిన తల్లులకు ఈ నియమం ఒక గౌరవం. ఈ సంగతి ఎంత మందికి చెబితే అంత మంచిది. ఆయన సంతకం లేనిదే పని కాదని ఎవరో చెబితే నమ్మి, పిల్లల ప్రయాణాలు, చదువులు ఆపుకున్న తల్లులు ఎక్కడా ఉండకూడదు.

చిరునామా దగ్గర జాగ్రత్త. కల్వకుర్తి కుటుంబాలు ఎన్నో పిల్లల చదువుల కోసమో, ఉద్యోగాల కోసమో హైదరాబాద్‌లో అద్దెకుంటాయి. ఆధార్ మాత్రం ఊరిదే. దరఖాస్తులో ఇప్పుడు నిజంగా ఉంటున్న ఇంటి చిరునామానే ఇవ్వాలి. ఊరి చిరునామా ఇస్తే కానిస్టేబుల్ ఊరికొచ్చి చూస్తాడు, ఇల్లు తాళం, పక్కింటివాళ్లు సిటీలో ఉంటారని చెబుతారు, రిపోర్టు వ్యతిరేకంగా పోతుంది. ఆ తర్వాత సంజాయిషీలు ఇచ్చుకోవడానికే నెలలు పడతాయి. ముందు ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం మేలు, లేదా కుటుంబమంతా నిజంగా ఊరికే మారిపోవాలి.

పదో తరగతి తప్పిన అమ్మ

ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఒకేలా రావు. పదో తరగతి పాసైనట్టు మెమో చూపలేనివాళ్ల పుస్తకంలో ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అన్న ముద్ర పడుతుంది. ఈసీఆర్ అంటారు. భర్త పుస్తకంలో లేని ముద్ర తన పుస్తకంలో చూసి, ఎండాకాలం ప్రయాణం తన వల్లే ఆగిపోతుందేమోనని భార్య భయపడుతుంది. ఆగదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఈ తనిఖీ గల్ఫ్ దేశాలు, మలేసియా, థాయిలాండ్, ఇండోనేసియా లాంటి కొన్ని దేశాలకు పనికోసం పోయేవాళ్లకు మాత్రమే. కూలీలను ఏజెంట్లు మోసం చేయకుండా కాపాడేందుకు పెట్టిన కంచె అది. చూడ్డానికి, తిరగడానికి పోయేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. రాకపోకల టికెట్లు, హోటల్ బుకింగ్ కాయితాలు చేతిలో ఉంచుకుని, అడిగితే కుటుంబంతో సెలవులకు పోతున్నామని నింపాదిగా చెబితే సరిపోతుంది. యాభై దాటిన నాయనమ్మకు, పద్దెనిమిది నిండని పిల్లలకు ఆ ముద్రే ఉండదు.

2018 జనవరిలో కేంద్రం ఒక ప్రతిపాదన తెచ్చింది. ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామంది. చదువు లేని మనిషిని నాలుగడుగుల దూరం నుంచే గుర్తుపట్టేలా చేసే ఆలోచన అది. దేశమంతా విమర్శలు రావడంతో ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకుంది. తీసుకుని మంచి పని చేసింది. మట్టి పనిచేసి పిల్లలను చదివించిన తల్లి, ఆ పిల్లల పక్కన వేరే రంగు పుస్తకం పట్టుకుని క్యూలో నిలబడాల్సిన రోజు రాకుండా పోయింది.

ఏ దేశానికి ఏం కావాలి?

మొదటిసారి పోయే కుటుంబాలు థాయిలాండ్, మలేసియా వైపు మొగ్గడానికి కారణం వీసా బాధ లేకపోవడమే. థాయిలాండ్ 2024 జూలై 15 నుంచి మనవాళ్లకు 60 రోజుల దాకా వీసా అక్కర్లేదని ప్రకటించింది. మలేసియా 2023 డిసెంబర్ 1న మొదలుపెట్టిన 30 రోజుల మినహాయింపును 2026 ఆఖరు దాకా పొడిగించింది. ఇలాంటి వెసులుబాట్లు ఆయా ప్రభుత్వాలు ఎప్పుడైనా మార్చగలవు కాబట్టి టికెట్ కొనేరోజే ఆ దేశపు అధికారిక సైట్ చూసుకోవాలి. వీసా లేదంటే కాయితం లేదని కాదు. థాయిలాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేసింది. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. మలేసియాకు, సింగపూర్‌కు కూడా అలాంటి కార్డులున్నాయి. ఒళ్లో బిడ్డకు సైతం వేరుగా నింపాలి. ఇవి ఉచితం, డబ్బు అడిగిన సైట్ అసలుది కాదని తెలుసుకోండి. సింగపూర్‌కు వీసా కావాలి, అధీకృత ఏజెంట్ల ద్వారా పెట్టుకోవాలి. వియత్నాంకు ఇ-వీసా, ఒకసారి పోయిరావడానికి 25 డాలర్లు.

పాస్‌పోర్టు లేకుండా దాటగలిగే సరిహద్దు కూడా ఒకటుంది. మన పెద్దవాళ్లు కాశీయాత్రతో కలిపి నేపాల్ పోయి, పశుపతినాథుణ్ణి, కాళ్లలో ఓపిక ఉంటే ముక్తినాథ్‌ను చూసి వస్తుంటారు. నేపాల్‌కు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ ఉంది కదా అని ఓటరు కార్డు ఇంట్లో వదిలేసి గోరఖ్‌పూర్ దాకా పోయి ఇరుక్కుంటే చేసేదేం లేదు. పదిహేనేళ్లలోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన పెద్దలకు మాత్రం ఫొటో ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు సరిపోతుంది. అంటే డెబ్బై ఏళ్ల నాయనమ్మ ఆధార్‌తో పోగలదు, ఆమెను తీసుకుపోయే నలభై ఏళ్ల కొడుకు ఆధార్ ఒక్కదానితో పోలేడు. యాత్ర బస్సు బుక్ చేసే ముందు ఈ ఒక్క విషయం అందరికీ చెప్పాలి.

ఉమ్రాకు పోయే ముస్లిం కుటుంబాలకు వీసాతో పాటు మెనింజైటిస్ టీకా పత్రం అవసరం. కెన్యా, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాలకు పోతే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే పత్రం జీవితకాలం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఉంది.

యూరప్, అమెరికా వేరే కథ. షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, గత పదేళ్లలో ఇచ్చిన పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు, తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలల గడువు ఉండాలి. అమెరికా టూరిస్టు వీసా దరఖాస్తు రుసుము మనిషికి 185 డాలర్లు, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. పిల్లలను చూడ్డానికి పోయే తల్లిదండ్రులతో ఆ దారి ఎప్పుడూ కళకళలాడుతుంటుంది.

ఈ దేశాలు డబ్బు సంగతి, తిరిగొచ్చే సంగతి అడుగుతాయి. ఉద్యోగికి జీతం స్లిప్పులు, సెలవు మంజూరు లేఖ, ఆదాయపు పన్ను రిటర్నులు ఉంటాయి. రైతుకు? వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్నులూ ఉండవు. చాలామంది అక్కడే అధైర్యపడి ఆగిపోతారు. పట్టాదారు పాసుపుస్తకం, పత్తి అమ్మిన డబ్బు పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇంటి పన్ను రసీదు ఇవన్నీ మనిషికి ఊరితో ఉన్న ముడిని చూపించే కాయితాలే. పాసుపుస్తకం తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. వీసాకు ముందు రోజు ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఖాతాలో లక్షలు వేయడం మాత్రం వద్దు. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో అది అందరికన్నా ముందు కనపడుతుంది. ఉన్నది ఉన్నట్టు చూపడమే బలం. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్లు కొనొద్దు.

పెట్టె సర్దేటప్పుడు

నాయనమ్మ బీపీ, షుగర్ మాత్రలు అసలు డబ్బాల్లోనే, డాక్టర్ చీటీతో పాటు పెట్టాలి. చీటీ మీద మందు శాస్త్రీయ నామం ఉంటే ఇంకా మంచిది. నొప్పులకు మనకు మామూలుగా రాసిచ్చే ట్రామడాల్, దగ్గుకు కొడీన్ ఉన్న మందులు యూఏఈలో నియంత్రిత పదార్థాలు. వంటింట్లోంచి మసాలా కట్టేటప్పుడు గసగసాలు తీసేయాలి. మనకవి కోడికూరలోకి, అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. సింగపూర్‌లోనూ నిషేధమే. తెలియక తెచ్చామంటే అధికారులు వినరు.

పిల్లలు తల్లితోనో తండ్రితోనో మాత్రమే, లేదా అవ్వాతాతలతో పోతుంటే, రాని వాళ్లు సంతకం చేసి నోటరీ చేయించిన సమ్మతి లేఖ ఒకటి వెంట ఉండాలి. అన్ని దేశాలూ అడగవు, అడిగినచోట అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు. బిడ్డ జనన ధ్రువపత్రం కాపీ దానికి జతచేయండి.

పాస్‌పోర్టు ఫొటోలు వాట్సాప్‌లో అడిగినవాళ్లందరికీ పంపొద్దు. ఏజెంటుకు పంపితే పని అయ్యాక తీసేయమని అడగండి. అసలు పుస్తకం వీసా స్టాంపింగ్ కోసం ఇవ్వాల్సి వస్తే రసీదు తీసుకోండి. అది భారత ప్రభుత్వ ఆస్తి, మన పేరు మీద మన సంరక్షణలో ఉంది. ఏ ఏజెంటూ, ఏ హోటలూ దాన్ని బాకీకి తాకట్టుగా ఉంచుకోవడానికి వీల్లేదు.

ఇంత జాగ్రత్త పడ్డా పరాయి దేశంలో పాస్‌పోర్టు పోవచ్చు. కంగారు పడకుండా ముందు అక్కడి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. తర్వాత దగ్గర్లోని భారత రాయబార కార్యాలయానికో, కాన్సులేట్‌కో పోవాలి. తిరుగు ప్రయాణం దగ్గర్లో ఉంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకు ఒక్క వైపు ప్రయాణానికే పనికొస్తుంది. పోయిన పుస్తకంతో పాటు అందులోని వీసా, ప్రవేశ ముద్ర కూడా పోయాయి కాబట్టి, ఆ దేశపు ఇమిగ్రేషన్ దగ్గర బయటికి పోయే అనుమతి కూడా అడగాలి. ఇదంతా తొందరగా జరగాలంటే పాత పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సు, నాలుగు ఫొటోలు చేతిలో ఉండాలి. ఆ జిరాక్సులు కూడా పాస్‌పోర్టులున్న సంచిలోనే పెడితే అన్నీ కలిసే పోతాయి. ఒక జత పెద్ద పెట్టెలో అడుగున పెట్టండి, ఇంకో జత ఊళ్లో అన్న దగ్గరో అక్క దగ్గరో ఇచ్చి, ఫోన్ చేస్తే వెంటనే ఫొటో తీసి పంపమని చెప్పి బయల్దేరండి.